కొంగు కింద కండెలు

పదిలోంచి నాలుగు తీస్తే ఎంతో నా బిడ్డకు నేర్పడం నా వల్ల కాలేదు. నేనేమో ప్రైమరీ స్కూల్ టీచర్ని. పొద్దున్నే జగిత్యాలలో బస్సెక్కి కోరుట్ల దగ్గరి బడికి పోయి, ఊళ్లో పిల్లలందరికీ కూడికలు, తీసివేతలు ఓపిగ్గా చెప్పేదాన్ని. ఆ ఓపికంతా అక్కడే అయిపోయేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా దగ్గర మిగిలేది కోపమే.

బిడ్డ అప్పుడు రెండో తరగతి. వేళ్లు మడిచి లెక్కపెట్టేది. "ఇంకా వేళ్లేంది? చిన్నపిల్లవా?" అని కసిరేదాన్ని. ఏడేళ్ల పిల్ల చిన్నపిల్ల కాక మరేమవుతుంది! ఇప్పుడు తలుచుకుంటే నా నెత్తి నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. పాపం, చేతులు గౌను కింద దాచుకుని వేళ్లు మడవడం మొదలుపెట్టింది. అదీ పట్టుకుని తిట్టాను. ఆ తర్వాత ఏ లెక్క అడిగినా "నువ్వే చెప్పమ్మా" అనేది. ఒకరోజు ఒళ్లు మండి స్కేలుతో బల్ల మీద ఠపీమని కొట్టాను.

"నువ్వు లేనప్పుడు అస్తయమ్మా," అంది నా వైపు చూడకుండానే. "నీ మొఖం జూస్తె మర్చిపోత."

లెక్కలు రాకపోతే పోనీ, ఇవాళ కాకపోతే రేపు వస్తాయి. నా బిడ్డకు నేనంటే భయం పట్టుకుంది. అది పోయేదెట్లా?

దసరా సెలవులు ఇవ్వగానే తీసుకెళ్లి సిరిసిల్లలో మా అమ్మ దగ్గర దింపాను. అప్పుడైనా నాకు బుద్ధి వచ్చిందా? సంచిలో రెండు లెక్కల నోటుబుక్కులు కుక్కి, "రోజుకు రెండు పేజీలు జేయించమ్మా" అని చెప్పాను. మా అమ్మ "సరే తియ్" అని ఆ సంచిని అటక మీద పడేసింది.

మా అమ్మ బడి మొహం చూడలేదు. పక్కింట్లో నాలుగు సాంచెలున్నాయి, మరమగ్గాలు. వాటికి కావలసిన కండెలకు ఇంట్లోనే కూర్చుని రాట్నం మీద నూలు చుట్టి ఇస్తుంది. నా చిన్నప్పుడు ఆమె లెక్క ఎప్పుడూ తప్పేది. "ఆరూ మూడూ ఎనిమిది గదా బిడ్డా?" అనేది. "కాదమ్మా, తొమ్మిది!" అని నేను ఎగిరి గంతేసేదాన్ని. "అబ్బ, నా బిడ్డ లేకుంటె నేనేమైపోదునో!" అనేది. మా అమ్మకు లెక్కలు రావని, ఆమె తప్పులు దిద్దీ దిద్దీ నేను లెక్కల్లో గట్టిదాన్నయ్యానని టీచర్ ట్రైనింగ్‌లో నలుగురికీ నవ్వుతూ చెప్పుకున్నాను.

నాలుగు రోజులకే మనసు ఆగక సిరిసిల్ల పోయాను. సందు మొదట్లోనే సాంచెల టకటక. ఆ చప్పుడులో ఎవరైనా గొంతెత్తి మాట్లాడాల్సిందే. గడపలో అడుగు పెడుతుంటే లోపలి నుంచి ఒక అరుపు.

"నాలుగు! నాలుగు దాసినవ్ అమ్మమ్మా!"

నా బిడ్డ గొంతు! ఇంట్లో పెదవి విప్పని పిల్ల!

ఇద్దరి మధ్యా చాప మీద ఖాళీ కండెలు. మొత్తం పది. అమ్మమ్మ కొన్ని కొంగు కింద దాచి మిగిలినవి బయట పెడుతుంది. ఎన్ని దాచిందో మనవరాలు చెప్పాలి. చెబితే చేతికి ఒక రంగు నూలు పోగు కడుతుంది. అప్పటికే పిల్ల మణికట్టు నిండా పోగులు. ఈ ఆట కోసమే ఇప్పుడు మా బడిలోనూ ఒక సంచి కండెలున్నాయి, అన్నీ తర్వాత అమ్మ ఇచ్చినవే.

ఈసారి అమ్మ ఏడు బయట పెట్టింది. "రెండు దాసిన," అంది.

పిల్ల వేళ్లు మడుస్తోంది. నేను ఊరుకోవచ్చు కదా! "ఏందమ్మా, ఏడు బయటుంటె మూడు గదా దాసినట్టు? పిల్లకు తప్పులు నేర్పుతున్నవా?" అన్నాను గడపలోంచే.

బిడ్డ నోరు మూసుకుంది. చెయ్యి మెల్లగా గౌను కిందికి పోయింది.

అమ్మ లేచి నా రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

"నీకు బుద్ధి ఉన్నదానె? అది జెప్పేది నువ్వెందుకు జెప్పినవ్? నాకు తెల్వకనా?"

"నీకు తెలుసా?" అన్నాను పిచ్చిదానిలా.

"రోజు వందల కండెలు లెక్కబెట్టి ఇస్త. ఇయ్యాల్టిదాంక ఒక్కటి తక్కువొచ్చిందని ఎవలన్న అన్నరా?"

ఎవరూ అనలేదు. ఇన్నేళ్లలో ఆ మాట నాకు ఒక్కసారీ తట్టలేదు, చూడండి నా తెలివి.

"మరి నా చిన్నప్పుడు?"

"నువ్వు గూడ గిట్లనే ఉంటివి. లెక్కలంటె గోడకు మొఖం బెట్టి ఏడ్సేదానివి. నా తప్పు దొరికితెనే నవ్వేదానివి."

"నీకు లెక్కలు రావని నలుగురిల నవ్వితి గదమ్మా. అప్పుడన్న జెప్పకపోతివి!"

"జెప్తె నువ్వు గెలిసినట్టెట్లయితది?" అని ఆమె పొయ్యి మీద చాయ్ నీళ్లు పెట్టింది. "పో, పోయి దాని ముందు కూసో. ఈసారి నువ్వు దాయి."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మా, నీ కాళ్లకు ఎన్నిసార్లు మొక్కితే తీరుతుంది అనుకున్నాను. మొక్కలేదు. మొహం తుడుచుకుని పోయి చాప మీద కూర్చున్నాను.

ఐదు కండెలు కొంగు కింద దాచాను. ఐదు బయట పెట్టాను.

"నాలుగు దాసిన," అన్నాను.

బిడ్డ కండెల వంక చూసింది. తర్వాత నా మొహం వంక చూసింది. ఎంతసేపు చూసిందో! ఇప్పుడు "నువ్వే చెప్పమ్మా" అంటుందేమో అనుకున్నాను. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

గౌను కింది నుంచి చెయ్యి బయటికి వచ్చింది. నా ఎదురుగానే, నా కళ్ల ముందే, ఒక్కో వేలూ మడిచింది.

"తప్పు!" అని అరిచింది సాంచెల చప్పుడును మించి. "తప్పు జెప్పినవమ్మా! ఐదు! టీచర్‌వి, నీకు గీ మాత్రం రాదా?"

కొంగు లాగి కండెలు లెక్కపెట్టి, నూలు పోగు తీసి నా చేతిలో పెట్టి, కట్టమని చెయ్యి చాపింది. మిగతా పోగుల పక్కన చోటు చూసి ముడి వేశాను.

"అబ్బ," అన్నాను, "నా బిడ్డ లేకుంటె నేనేమైపోదునో!"