లేని పెళ్లికి పిలుపు

మా నాన్న రైలింజను నడిపి రిటైరయ్యారు. ఇంజన్లో సిగ్నల్ కనబడగానే ఒకరు దాని రంగు పైకి చెప్పాలి, రెండోవాళ్లు అదే మాట తిరిగి చెప్పాలి. ఆ అలవాటును ఆయన ఇంజన్లో వదిలిపెట్టకుండా, చుట్టూ హిందీ వినబడే బాగ్‌బేరాలోని మా ఇంటికి తెచ్చుకున్నారు. ఫోన్లో ఏ లింకు వచ్చినా చెయ్యెత్తి "ఎరుపు" అంటారు. వంటింట్లోంచి అమ్మ కూడా "ఎరుపు" అనాలి. పప్పు మాడిపోతున్నా సరే, అనాల్సిందే. ఇద్దరూ "పచ్చ" అంటే తప్ప ఎవరి వేలూ తెర మీద పడకూడదు.

"నొక్కితే నొక్కేత్తారు" అనేది ఆయన వేదం. ఈ చాదస్తానికి నాకు ఒళ్లు మండేది. శుభోదయం చెప్పే గులాబీ పువ్వుకి కూడా సిగ్నల్ చూడాలా?

కిందటేడు ఒక ఆదివారం పొద్దున్న మేనత్త నంబరు నుంచి నాన్నకి మెసేజీ వచ్చింది. అన్నాచెల్లెళ్లకి మూడేళ్లుగా మాటల్లేవు. అత్త గృహప్రవేశం నాడు పాయసంలో ఉప్పు పడిందని నాన్న పదిమందిలో అనేశారు. అంతే. ఇప్పుడేమో "ఇవాళే అమ్మాయి పెళ్లి, తప్పక రావాలి" అని ఉంది. కింద, నొక్కి తెరవమంటూ పెళ్లికార్డు.

నాన్న ముఖం వెలిగింది. వేలు కూడా లేచింది. గాల్లోనే ఆగిపోయింది.

"ఎరుపు," అన్నారు నీరసంగా.

"ఖోల్ దో నా, పాపా! అత్తే పిలిత్తే సిగ్నల్ చూత్తావేటి?" అని, కార్డు తెరవమని అరిచాను.

అమ్మ అత్తకి ఫోన్ చేసింది. స్విచాఫ్. వెళ్లకపోతే చెల్లెలి ఇంట పెళ్లికి లేకుండా పోతారు, ఇక జన్మలో మాటలుండవు. నొక్కితే ఏం పోతుందో తెలియదు.

"సిగ్నల్ తెలీకపోతే బండాపి, దిగి కనుక్కోవాల," అని నాన్న చొక్కా వేసుకున్నారు. ముగ్గురం ఆటోలో కాసిడీహ్ వెళ్లాం.

అత్త గుమ్మం ముందు చెప్పులే చెప్పులు. కార్డు నొక్కిన చుట్టాలంతా అక్కడే ఉన్నారు. ఇప్పుడు వాళ్ల ఫోన్ల నుంచి కూడా ఊరందరికీ అదే కార్డు వెళ్తోందట. ఒకాయన ఏకంగా స్టీలు బిందె తెచ్చాడు. పెళ్లికూతురు నైటీలో, తలకి నూనె పెట్టుకుని నిలబడి, "కిస్ కీ షాదీ? మేరీ?" అంటూ, పెళ్లి ఎవరికి, తనకేనా అని ఒక్కొక్కరినీ అడుగుతోంది. ముందురోజు ఇలాంటి కార్డే ఎవరో పంపితే అత్త నొక్కిందట. అప్పటినుంచి ఆ ఫోన్ ఆవిడ మాట వినకుండా తనే అందరికీ కార్డులు పంపుతుంటే, పొద్దున్న ఆపేసిందట. నాన్నని నొక్కమని అరిచింది నేనేనని గుర్తొచ్చి అమ్మ వెనక్కి తప్పుకున్నాను.

నాన్నని చూసి అత్త కొయ్యబారిపోయింది. "నువ్వు కూడా నొక్కీసినావేటి, అన్నియ్యా?"

"నొక్కలేదు. నువ్వు పిలిసినావో లేదో కనుక్కుందామని వచ్చినాను."

అత్త కళ్లనీళ్లు పెట్టుకుంది. "నేను పిలవనేదు. పెళ్లీ లేదు, ఏటీ లేదు. అయినా వచ్చినావు కదా, కూకో."

వచ్చినవాళ్లని ఉత్త కడుపుతో పంపలేక, లేని పెళ్లికి పాయసం కాచింది. గిన్నె చేతికి రాగానే నాన్న అలవాటు కొద్దీ అమ్మ వైపు చూశారు. అప్పటికే ఒక స్పూను నోట్లో పెట్టుకున్న అమ్మ కాస్త ఆగి, "పచ్చ," అంది.

"పచ్చ," అన్నారు నాన్న.

నేనూ తిన్నాను. మళ్లీ ఉప్పే. నాన్న గిన్నె ఖాళీ చేసి, "ఇంకాస్త ఎయ్యమ్మా," అన్నారు.