ఎంటర్ నొక్కబోయే ముందు

నేను ఉప్పల్‌లో ఇంటి నుంచే ప్రోగ్రామింగ్ చేస్తాను. మామూలుగా డిస్క్ చెరిపేయబోతే కంప్యూటర్ ఒకసారి అడుగుతుంది. నా ప్రోగ్రామ్‌లో కలుపుకుని వాడుతున్న కొత్త కోడ్ లైబ్రరీ మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్‌ను పక్కకు తప్పించి, నా ప్రోగ్రామ్‌ను నేరుగా డిస్క్ దగ్గరికి పంపిస్తుంది. అక్కడ ఇదేమిటని అడిగే నాథుడుండడు.

ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే ఆ ప్రోగ్రామ్‌ను పరీక్షించడానికి కూర్చున్నాను. తగిలించి ఉన్న డిస్కులన్నింటినీ సున్నాలతో నింపి పూర్తిగా చెరిపేయమని రాశాను. ఉన్నది నా ఖాళీ డిస్క్ ఒక్కటే కదా అని ధీమా. ఎంటర్ నొక్కబోతుంటే అమ్మ కేకేసింది.

"అన్నం సల్లగైతుంది, ప్రార్థనకు రా బిడ్డా!"

విసుక్కుంటూ వెళ్లి కళ్లు మూసుకున్నాను. మా ఇంట్లో ప్రార్థనంటే ఆ పూట పనులన్నీ ప్రభువుకు పేరుపేరునా చెప్పుకోవడమే. నాచారంలో పెళ్లి వీడియోలు తీసే మా అన్న మొదలుపెట్టాడు.

"తండ్రీ, ఈ అన్నానికి స్తోత్రం. నిన్నటి పెళ్లి వీడియో డిస్క్ చర్చికి పోయేముందు చెల్లె కంప్యూటర్‌కు పెట్టిన. తిన్నంక కాపీ చేస్త. అప్పటిదాక కాపాడు ప్రభువా, ఇంకో కాపీ లేదు."

లేచి పరుగెత్తాను. కంప్యూటర్ వెనక, నా డిస్క్ పక్కనే ఇంకొకటి మిణుకుమంటోంది. వైరు పీకేసి, దాన్ని గుండెకు హత్తుకుని నిలబడిపోయాను.

"ఏమైంది చెల్లె, ఆమెన్ అనకుండనే ఉరికినవ్?" అన్నాడు అన్న.

డిస్క్‌ను అన్న చేతిలో పెట్టి, అప్పుడు ఆమెన్ అన్నాను.

ఇప్పుడు నా ప్రోగ్రామ్ ఏ డిస్క్‌నో పేరుతో సహా అడిగాకే కదులుతుంది. అన్న ప్రార్థన ఎంత సాగినా విసుక్కోను. చివరిదాకా వింటాను.