మొండయ్యవి కాని కుక్కలు

మా వాడకట్టులో మొండయ్యకు ఒకటే రోగం. కుక్క ఆయన మంచం కింద పడుకున్నా, ఆయన గిన్నెలోనే జొన్న గటక తిన్నా, ఆయన ఎటు పోతే అటు తోక ఊపుకుంటూ నడిచినా, అడిగినవాళ్లకు ఒకటే జవాబు: "నాది గాదు." ఒక్క కుక్కయితే పోనీ అనుకుందును. ఆయన వాకిట్లో ఎప్పుడు చూసినా ఒక మంద. అందులో ఒక్కటీ ఆయనది కాదు. మరి ఎవరివయ్యా అంటే ఆకాశం వంక చూస్తాడు, వానతో పాటు రాలిపడ్డట్టు.

నాకు కుక్కలంటే కోపం. అబద్ధాలంటే అంతకన్నా కోపం. ఈ రెండూ కలిసి నా గోడకు ఆనుకునే కాపురం పెడితే నా ఒళ్లు మండదా?

ఒకనాడు బీడీల ఆకు తడిపి, మూటగట్టి అరుగు మీద పెట్టాను. చెవి తెగిన ఎర్రకుక్క ఒకటి వచ్చి, మెత్తగా ఉంది కదా అని ఆ మూటనే పరుపు చేసుకుంది. నేను చీపురు పట్టుకుని గోడ దగ్గరికి పోయాను.

"ఓ మొండయ్యా! నీ కుక్క నా ఆకు మీద పన్నది!"

"నాది గాదు వదినె."

"నీ మంచం కిందికెల్లే లేసి అచ్చింది గదనయ్యా!"

"నీడకు పన్నదేమొ."

"నీ గిన్నెల తింటది!"

"ఆకలైతె ఎవలన్న తింటరు."

"నువ్వు పిలిస్తె ఉరికస్తది!"

"మర్యాద తెలిసిన కుక్క వదినె. నువ్వు పిలిచినా అస్తది. పిలిచి సూడు."

నేను పిలవలేదు. చీపురు విసిరాను. కుక్క తప్పించుకుంది, చీపురు పోయి మొండయ్య గటక కుండలో పడింది. "గీ చీపురు గూడ నాది గాదు" అని తీసి నాకే ఇచ్చాడు.

కోరుట్ల అంగడికి పోయేటప్పుడు బస్సులో జరిగింది ఇంకా అన్యాయం. మొండయ్య ఎక్కాడు, వెనకాలే ఒక నల్లకుక్క ఎక్కి సీటు కింద దూరింది. కండక్టర్ మండిపడ్డాడు.

"కుక్కను దింపు తాతా!"

"నాది గాదు. నేనెట్ల దింపుత?"

కండక్టర్ అదిలించాడు, కుక్క కదలలేదు. డ్రైవర్ హారన్ కొట్టాడు, కదలలేదు. బస్సులో వాళ్లంతా తిట్టడం మొదలుపెట్టేసరికి మొండయ్య లేచి దిగాడు. మరుక్షణం కుక్కా దిగింది.

"నీది గాదంటివి?" అన్నాడు కండక్టర్.

"దానిక్కూడ ఈడనే పని ఉన్నట్టుంది సారు" అని మొండయ్య ఎర్రటి ఎండలో వెనక్కు నడిచాడు. అంగడీ లేదు, కూరగాయలూ లేవు. ఇటువంటి మనిషికి బుద్ధి ఎవరు చెప్పాలి?

ఆయన గీతపని చేసినవాడు. మా ఊరి తాటిచెట్లన్నీ ఎక్కి కల్లు గీశాడు. మోకాళ్లు అరిగాక చెట్టు దిగి, చెట్టెక్కే మోకును ఇంట్లో కొయ్యకు తగిలించాడు. అది తగిలించి చాలా కాలమయ్యాక ఒకనాడు నా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"వదినె, పాత చీర ముక్క ఉంటె ఇయ్యి. కట్టి ఇడిసింది గావాలె. ఉతికింది అద్దు."

"సిగ్గుండాలె అడగనీకి! ఎందుకది?"

"మోకుకు సుడత."

"చెట్టెక్కుడే బందువెడితివి!"

"కొయ్యకు ఊకెనే ఏలాడుతుంది వదినె. చలివెడుతుండొచ్చు."

సిరిసిల్ల నేత చీర ఒకటి చిరుగుపట్టి ఉంటే, సగం చింపి ఆయన మొహాన విసిరాను. ఆ రోజు ఇంకో నాలుగైదు గడపల్లో కూడా ఇట్లాగే అడిగాడని తెలిసింది. ఎదురింటి సంధ్యారాణి పసిపిల్లవాడి బొంత ముక్క ఇచ్చిందట. ముసలాయనకు మతి తప్పింది, అడిగినవన్నీ ఇచ్చే ఈ ఆడవాళ్లకూ తప్పింది అనుకున్నాను.

ఇక పొద్దుగూకితే చాలు, కర్ర పట్టుకుని తన వాకిట్లోంచి మందనంతా తోలేవాడు. "పొండ్రి! ఎవలింటికి వాళ్లు పొండ్రి!" పగలంతా తను మేపడం, చీకటి పడే వేళకు మా మీదికి వదలడం! చెవి తెగిన ఎర్రది తిన్నగా వచ్చి నా గడప మెట్టు మీద చుట్టుకునేది. నీళ్లు చల్లేదాన్ని. దులుపుకుని మళ్లీ అక్కడే పడుకునేది. సిగ్గులేనితనంలో మొండయ్యకు తగ్గ కుక్క.

ఇట్లా ఉండగా మున్సిపాలిటీకి మెలకువ వచ్చింది. మాది పంచాయతీగా ఉన్నప్పుడు కుక్కలను ఎవరూ లెక్కపెట్టలేదు, మనుషులనూ లెక్కపెట్టలేదు. మున్సిపాలిటీ అయ్యాక పన్ను పెరిగింది, నల్లా నీళ్లు తగ్గాయి. ఒకరోజు చెత్తబండి మైకు తడిచెత్త, పొడిచెత్త పాట ఆపి కొత్త కబురు చెప్పింది: ఇంటికి రెండు కుక్కలే ఉండాలి. వాటికి సూది వేయించి లైసెన్సు తీసుకోవాలి. ఎక్కువున్నవాటినీ, యజమాని లేనివాటినీ బండిలో ఎక్కించుకుపోతారు. ఎటు తీసుకుపోతారో మాత్రం మైకు చెప్పలేదు.

మోరీలో మురికి తీయమని మొత్తుకుంటే ఏడాదిగా పలకనివాళ్లు కుక్కల మీద పడ్డారు. దోమలు ఇంటికి ఎన్నుండాలో కూడా చెప్పాలె కదా? అయినా మొండయ్యకు తగిన శాస్తి జరుగుతుందని లోపల సంతోషపడ్డాను. కాదని అబద్ధమెందుకు?

ఆ సోమవారం పొద్దున వలలూ జాలీబండీ వేసుకుని మున్సిపాలిటీ భాస్కర్ దిగాడు. మేడిపల్లి పిల్లవాడు, మంచివాడే. చేతిలో కాగితం ఉంటే మాత్రం తల్లిని కూడా ఆధార్ అడుగుతాడు.

"తాతా, ఇండ్ల నీయి ఏ రెండో చెప్పు. కడుమయి తీస్కపోత."

"నాయి గావు సారు."

"ఒక్కటి గూడ?"

"ఒక్కటి గూడ."

"మంచిదాయె. అయితె అన్నీ దిక్కులేనియే. ఎక్కియ్యుండ్రి!"

వలలు విప్పారు. మొండయ్య ఇరుకున పడ్డాడు. నావి అంటే రెండు మిగులుతాయి. కావు అంటే ఒక్కటీ మిగలదు. బాగైంది అని నేను అనుకునేలోపే ఆయన పోయి వలకు అడ్డం నిలబడ్డాడు.

"నాయి గావన్న గని ఎవలియీ గావన్ననా సారు? గీ నల్లది సంధ్యారాణిది. గా మచ్చలది ఎనుకింటి రాజలక్ష్మిది. గీ తోక వంకరది అనూషోళ్లది."

సంధ్యారాణి పిల్లవాణ్ని చంకనేసుకుని ఉరికొచ్చింది. "అవు సార్, నల్లది మాదే! మా ఆయన దుబాయి పోయిన కొత్తల ఎవడో మాపటీలి తలుపు గొట్టి ఉరుకుతుండె. తాతకు జెప్పిన. మా బాబు బొంత ముక్క తీస్కపోయి, దీన్ని పగటీలి దాని మీదనే పండవెట్టిండు. ఆ వాసన వట్టుకొని దినాం మా గడపకే అస్తది. ఇగ మా తలుపు ముట్టినోడు లేడు."

రాజలక్ష్మి వచ్చింది, అనూష వచ్చింది, అందరిదీ అదే కథ. మగవాళ్లు మస్కట్టుకో దుబాయికో పోయిన ఇళ్లకు ఇంటికొక కాపలా. గీతపనిలో తాటిచెట్లు పంచుకుంటారు. పంచిన చెట్టు ఎవరిదో వాళ్లదే. పక్కవాడు దాని కింద నీడకు కూర్చోవచ్చు గాని నాది అనకూడదు. మొండయ్య కుక్కలను అట్లా పంచాడు. కడుపు నింపడం ఒక్కటే తన వంతుగా పెట్టుకున్నాడు.

వాడకట్టంతటికీ ఎరుకే. నాకొక్కదానికే ఎరుక లేదు! నా కోపం ఇంకో మెట్టు ఎక్కింది.

భాస్కర్ కాగితం మడుస్తూ అడిగాడు. "మరి గీ చెవి తెగిన ఎర్రది ఎవలిది?"

అందరూ నా వంక చూసి, చూడనట్టు తలలు తిప్పుకున్నారు. మొండయ్య మంచం కింద నా సిరిసిల్ల చీర ముక్క, దాని నిండా ఎర్ర వెంట్రుకలు. బిడ్డలిద్దరూ పెగడపల్లిలో, బీర్పూర్‌లో కాపురాలు చేసుకుంటుంటే నేనొక్కదాన్నే ఉంటాను. నాకు ఎవని కావలీ అక్కర లేదని ఈ వాడలో ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు.

మొండయ్య నా వంక ఒకసారి చూశాడు.

"గది... నాది సారు."

నా పరువు కాపాడటానికి నా ముందే అబద్ధమాడతాడా? ఒళ్లు భగ్గుమంది.

"నీదెట్లయితదయ్యా? నా చీర మీద పండుకునేది, నా గడపల ఉండేది నీదా? భాస్కరూ, రాస్కో. గది నాది, చంద్రవ్వది!"

"వదినె, నువ్వు దాన్ని చీపురుతోని కొడతవు గద?"

"నాది, నేను గొట్టుకుంట! నడుమ నీకేంది?"

భాస్కర్ నవ్వు దాచుకోలేక వల సర్దించాడు. జగిత్యాలలో సూదులు వేయించుకొస్తే లైసెన్సులు రాసిస్తానన్నాడు.

మర్నాడే ట్రాలీ ఆటోలో ఆడవాళ్లం, కుక్కలు, నడుమ మొండయ్య. దారిలో అడిగాను.

"నా గడపలెందుకు వెట్టినవు? నేను ఒంటిదాన్ననా?"

"నీకెందుకు కావలి వదినె? నీ తిట్లకు దొంగలు ఊరి మొగననే ఆగుతరు. గా కుక్కకే భయం. ఎవలో చెవి కోసి ఇడిసిపెట్టిండ్రు. ధైర్నమున్న మనిషి కాడ ఉంటె కుదురుకుంటదని."

నిజమో అబద్ధమో నాకు తెలియదు. కోపం కొంచెం దిగింది, అది మాత్రం ఆయనకు కనబడనివ్వలేదు. ఎర్రది నా ఒళ్లో తల పెట్టింది. ఒకసారి తోశాను. రోడ్డంతా గుంతలు కదా, మళ్లీ మళ్లీ తోయడం కుదరలేదు.

పశువుల దవాఖానలో డాక్టరు సూది పైకెత్తాడు. ఎర్రది కదలకుండా నిలబడింది. పక్కనే దబ్బున చప్పుడు. తాటిచెట్టు తల మీద నిలబడి కిందికి చూసి నవ్విన మొండయ్య కళ్లు తేలేసి నేల మీద ఉన్నాడు.

"లే మొండయ్యా! సూది కుక్కకయ్యా, నీకు గాదు!" అని కొంగుతో విసురుతూనే తిట్టాను. ఎర్రది నన్ను కాసేపు, ఆయన్ని కాసేపు చూసింది. ఎవరి మీద మొరగాలో తెలియక, ఇద్దరి మధ్యా వచ్చి కూర్చుంది.