ఇరవై బారల లోతున చలి

మాచర్లలో సువార్త కూటాలు జరుగుతున్నాయని తెలిసి, ఉదయం ఎనిమిదింటికి గుంటూరులో బండి ఎక్కాను. ఆ దారిన వెళ్లదలచినవారు కూజాలో నీళ్లు వెంట ఉంచుకోవడం మంచిది.

దారిలో ఒక స్టేషనులో సంతోషమ్మ అనే నడివయసు తల్లి, గంపలో కోడిపెట్టతో ఎక్కి నా ఎదుట కూర్చుంది. ఆమె కొడుకు కాశ్మీరు మంచుకొండల్లో మిలిటరీ లారీ నడుపుతున్నాడట.

"కోడి ఎవరికమ్మా?" అన్నాను.

"దేవుడికి అయ్యగారూ. కృతజ్ఞతార్పణ. మావాడు కార్డు రాశాడు. ఆడ పోయిన నెల నాలుగు డిగ్రీలంట, ఇప్పుడు ఇరవయ్యంట. వెచ్చబడిందని మా సంఘమంతా చప్పట్లు కొట్టి పాడాం."

సెలవు మీద ఇంటికి వెళ్తున్న సిపాయి ఒకతను కిటికీ దగ్గర నుంచి తిరిగాడు. "కార్డులో అంకె ముందు చిన్న గీత ఉందా అత్తా?"

"ఉంది. కలం జారిందనుకున్నాం."

"జారలేదు. అది మైనస్. సున్నాకి కింద. ఇరవై అంటే చలి ఇంకా పెరిగినట్టే."

"ఏందబ్బాయ్, నాలుగు కన్నా ఇరవై పెద్దది కాదా? నాకామాత్రం లెక్క రాదా?"

నేను కల్పించుకున్నాను. "మీ ఊరి బావి గట్టు సున్నా అనుకోమ్మా. ఎండ గట్టు మీద. నాలుగు బారలు దిగితే ఎండకు దూరమా, ఇరవై బారలు దిగితేనా?"

ఆమె కోడి గంపను దగ్గరికి లాక్కుంది. "అయితే నా బిడ్డ ఇంకా లోతుకి దిగాడని స్తోత్రం చేశామా?"

"ఉన్ని కోట్లిస్తారత్తా, గుడారంలో పొయ్యి కూడా ఉంటది" అన్నాడు సిపాయి. పిడుగురాళ్లలో నేను కొనిచ్చిన ఇడ్లీలు ఆమె ముట్టలేదు.

ఒంటిగంటకు మాచర్ల చేరాం. బస బడిలో, చాపల మీద. మరునాడు కానుకల వేళ పాస్టరుగారు, "కృతజ్ఞతేనామ్మా?" అని అడిగారు.

"కాదయ్యా. మొర."

కోడిని వేలంలో పాడుకున్నవాళ్లు మళ్లీ ఆమె పేరనే కానుక పెట్టారు. అలా మూడుసార్లు వేలం సాగింది. సంఘమంతా ఆమె కొడుకు కోసం మోకరించింది.

కూటాలు ముగిశాక ఒకే బండిలో తిరిగొచ్చాం. ఆమె తన స్టేషనులో దిగింది. అక్కడ ఆమె భర్త కార్డు పట్టుకుని దిగులుగా నిలబడి ఉన్నాడు.

"ఏమే, వాణ్ణి వేరే మకాముకి మార్చారంట. ఆడ ఇరవై కూడా లేదు, ఏడుకి పడిపోయింది."

ఆమె కార్డు లాక్కుని కిటికీలోంచి నాకు చూపింది. అంకె ముందు గీత ఉంది. నేను తలూపాను.

"పడలేదయ్యా, పైకొచ్చాడు" అంది భర్తతో. "ఇంకో ఏడు బారలు లాగాలి. మోకరించు."

బండి కదిలింది. చలి ఎటు పెరుగుతుందో ఎరగక చేసిన స్తోత్రాన్ని కూడా తోసివేయని దేవునికి నేనూ తల వంచాను. తలెత్తి చూసేసరికి వాళ్లిద్దరూ ప్లాట్‌ఫారం మీద ఇంకా మోకాళ్ల మీదే ఉన్నారు.