బతుకమ్మలో చిక్కిన చామంతి చుట్టం

ఆ రోజుల్లో మొక్క పేరు తెలుసుకోవాలంటే దాని ముందు మోకాళ్ల మీద కూర్చోవలసి వచ్చేది. ఇప్పుడు ఫోను చూపిస్తే అదే పేరు చెబుతుందట. చెప్పనీ. దానికి ముల్లు గుచ్చుకుంటుందా, దురద పుడుతుందా? మొన్న మా వీధిలో ఒకాయన చామంతిని చూపించి "మంచి పువ్వు" అన్నాడు. పువ్వు కాదు, పూలు అన్నాను. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, గట్ల మీద మొలిచే గడ్డిచామంతి, అన్నీ ఒకే కుటుంబం. మనకు ఒక్క పువ్వులా కనబడేది పళ్లెంలో ఒత్తుగా సర్దిన చిన్న చిన్న పూల గుంపు. చుట్టూ ఉన్న రేకులు కూడా ఒక్కొక్కటీ ఒక్కో పువ్వే. ఇంత వివరంగా చెబితే ఆయన నన్ను జాలిగా చూసి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. (అలాంటి చూపులు నాకు డెబ్బయిల నుంచీ అలవాటే.)

అప్పుడు మేము హసన్‌పర్తిలో ఉండేవాళ్లం. ఇంట్లో మగ్గం. నా బడి చదువు ఏడో తరగతితో ఆగింది. ఆ తర్వాతదంతా పాత పుస్తకాల దుకాణంలో దొరికిన అట్టలేని ఇంగ్లీషు వృక్షశాస్త్రాన్ని, పక్కన నిఘంటువు పెట్టుకుని, నాకు నేనే చెప్పుకున్న చదువు. పని లేని రోజున భూతద్దం జేబులో వేసుకుని ములుగు బస్సెక్కి అడవి పట్టేవాణ్ని. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే సారు ఒకాయన నన్ను ఏనాడూ కసురుకోలేదు. నేను తెచ్చినవన్నీ ఓపికగా చూసి, "ఇది గూడ తెలిసిందేనయ్యా, కాని బాగ ఆరబెట్టినవు" అనేవారు. ఆ 'తెలిసిందే' అన్న మాట నన్ను ఏళ్ల తరబడి పొడిచింది. ఎవరికీ తెలియనిది ఒక్కటైనా తెచ్చి ఆయన ముందు పెట్టాలన్నది నా పంతం.

సద్దుల బతుకమ్మకు ముందు రోజు అది దొరికింది. వాగు ఒడ్డున మోకాలెత్తు మొక్క, జిగట ఆకులు, పావలా బిళ్లంత పసుపు పువ్వు. చామంతి కుటుంబమని చూడగానే తెలుస్తోంది. అయితే ఈ కుటుంబంలో ఎవరు ఎవరో తేల్చేది గింజ నెత్తిన ఉండే నూగు. నా పుస్తకంలోని దగ్గరి చుట్టానికి అక్కడ రెండు ముళ్లు ఉండాలి, దీనికి సన్నటి పొలుసులున్నాయి. భూతద్దం తుడిచి తుడిచి చూశాను, పొలుసులే. చుట్టుపక్కలంతా వెతికాను, పూసింది అదొక్కటే, దానికి ఉన్నది ఆ ఒక్క పువ్వే. సారేమో పండుగ మర్నాడు పొద్దున్నే హైదరాబాదు వెళ్తున్నారు, అక్కడి బీరువాల్లో దాచిన ఎండు మొక్కలతో తన మొక్కలను పోల్చి చూడటానికి. మళ్లీ ఎప్పుడు వెళ్తారో తెలియదు. మొక్కను వేరుతో సహా తెచ్చి చెంబులో పెట్టి, పండుగ పొద్దున పాత పేపర్ల కోసం అంగడికి పోయాను. (మొక్కను పేపర్ల మధ్య పరిచి, పైన బరువు పెట్టి ఆరబెట్టాలి. మా ఇంట్లో పేపరు కొనే అలవాటు లేదు.)

తిరిగొచ్చేసరికి చెంబు ఖాళీ. పండుగకు పుట్టింటికొచ్చిన మా అక్క నడుమెత్తు బతుకమ్మను పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టి, తీరిగ్గా చేతులు కడుక్కుంటోంది.

"అక్కా, చెంబుల పువ్వేది?"

"గా గడ్డిపువ్వా? వరుసల ఒకటి తక్కువవడ్డది, తంగేడు నడుమ వెట్టిన. మంచిగ కుదిరింది తమ్మీ."

"తియ్యి జర. అది లోకంల ఇంకెక్కడ లేని పువ్వు."

"ఇంకెక్కడ లేని పువ్వయితె గౌరమ్మకు గాక ఎవలకు వెడ్తరు?"

నేను బతుకమ్మ వైపు చెయ్యి చాపాను. పొయ్యి దగ్గర నుంచి అవ్వ (మేము అమ్మను అవ్వ అనేవాళ్లం) తీర్పు చెప్పింది. "గౌరమ్మను వెట్టినంక ఇప్పుతరార ఎవలన్న? ముట్టకు. సాగనంపినంక నీ ఇష్టం."

ఊడ్చిన చెత్తలో వెతికితే వేరు, కాండం, ఆకులు దొరికాయి. తల లేని మొండెం. ఈ కుటుంబంలో తలే సర్వస్వం.

సాయంత్రం ఆడవాళ్లు ఆడుతున్నంత సేపూ నేను చెరువులో నడుము లోతున నిలబడి ఉన్నాను. మా బతుకమ్మ నీళ్లలోకి రాగానే పక్కన చేరి, అది తనంతట తాను ఒరిగేదాకా కాపలా కాశాను. ఒడ్డు మీద ఒకామె, "ఏదో మొక్కున్నట్టుంది పాపం" అంది. ఇంకొకామె, "తమ్మీ, జర మాది గూడ లోపలికి తోలు" అంది. తోశాను. అంతే, ఇక అందరివీ నా చేతికే అందించారు. ఒక ముసలామె నీళ్లలోకి దిగొచ్చి నా నోట్లో రొట్టె, బెల్లం కలిపిన మలీద ఇంత పెట్టి, "వచ్చే యేడుకు నీ పెండ్లయితది కొడుకా, ఫికర్ వెట్టుకోకు" అని దీవించింది. ఈ సందట్లో మాది ఒరిగింది. తంగేడు విడిపోయి నా పువ్వు తేలింది. ఆ పెద్ద మనసు గల ముసలామెను దాదాపు తోసేసుకుంటూ వెళ్లి అందుకున్నాను.

మర్నాడు బస్టాండులో తలనూ మొండాన్నీ ఒకే పేపరులో పెట్టి, అప్పటికే బస్సెక్కి కూర్చున్న సారుకిచ్చాను. ఆయన చూసి నిటారుగా కూర్చున్నారు. "పసుపు రేకులకు ఊదా అంచు. ఇదయితే ఎవరికీ తెలియందేనయ్యా."

"అది బతుకమ్మల గునుగుపూలకు అద్దిన రంగు సార్, నీళ్లల్ల దిగింది" అని జరిగిందంతా చెప్పాను. బస్సులో అందరూ మావైపు తిరిగేలా నవ్వారు. తర్వాత భూతద్దం పెట్టి గింజ నెత్తి చూశారు. నవ్వు ఆగింది. పేపరు మడిచి, సంచిలో పెట్టకుండా ఒళ్లోనే పెట్టుకున్నారు.

తిరిగొచ్చాక ఆయనే మా ఇంటికి వచ్చారు. "లోకానికి కొత్తది గాదయ్యా. దూరపు కొండలల్ల ఎప్పుడో కనుక్కొని పేరు వెట్టిన్రు. కాని మన అడవిల ఉన్నదని ఇన్నాళ్లు ఎవరికీ తెల్వదు. తెచ్చింది నువ్వని నీ పేరు రాసి అక్కడి బీరువాల వెట్టిచ్చిన." ఏడో తరగతి వాడి పేరు హైదరాబాదు బీరువాలో. ఆ సాయంత్రం మగ్గం మీద కూర్చున్నాను గానీ, ఏం నేశానో ఇప్పటికీ గుర్తు లేదు.

మరుసటి ఏడు అక్క పూలన్నీ చాప మీద కుమ్మరించి నన్ను పిలిచింది. "సూస్కో తమ్మీ, ఈ పూలల్ల నీయేమన్న ఉంటె ఇప్పుడే తీస్కో. మల్ల చెరువుల దుంకుడు వద్దు." నేను దర్జాగా కూర్చుని బంతి, చామంతి ఒక కుటుంబమని ఇటు, తంగేడు, గునుగు వేరని అటు విడదీశాను. అది చూసి పక్కింటివాళ్లూ గంపలు తెచ్చారు. అలా అది ఆనవాయితీ అయింది. ఇప్పుడు అక్క మనుమరాళ్లు తెస్తున్నారు. నా కళ్లకు పొరలొచ్చాయి. గింజ నెత్తిన నూగు సంగతి అటుంచండి, గింజే కనబడదు. అయినా భూతద్దాన్ని గంప మీద నెమ్మదిగా తిప్పి, కాసేపు నొసలు ముడిచి, "ఆఁ, ఇగ పేర్చుకోండ్రి" అంటాను. అప్పటిదాకా పిల్లలు ఒక్క పువ్వు ముట్టుకోరు.