లాప్‌టాప్ లేచేలోగా

పోయిన వారం బటన్ నొక్కగానే మా పాత లాప్‌టాప్ ఎప్పటిలాగే గర్రుగర్రుమంది. ఆ చప్పుడు వింటే రత్నం పిన్ని పక్కనే కూర్చున్నట్టుంటుంది. గురజాలలో పొలం దస్తావేజులు రాసే పిన్ని నాకు చుట్టమేమీ కాదు, పక్కింటావిడ. డిగ్రీ అయ్యి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న నన్ను పిలిచి పని నేర్పింది. కన్నుమూసే ముందు తన కుర్చీని, ఈ లాప్‌టాప్‌ను నాకే అప్పజెప్పింది. ఇది మరీ మొరాయిస్తోందని రిపేరు షాపుకు తీసుకెళితే, షాపతను మూత విప్పి చూసి, "ఈ హార్డ్‌డిస్క్ ఇయ్యాలో రేపో అన్నట్టుందక్కా. దీని బదులు ఎస్‌ఎస్‌డీ అని కొత్తరకం డిస్క్ వేయిస్తే నొక్కగానే తెరుచుకుంటది" అన్నాడు. ఫైళ్లన్నీ అందులోకి ఎక్కిస్తానన్నాడు. ఎగిరి గంతెయ్యాల్సింది పోయి, "ఆలోచించి చెప్తా" అని దాన్ని చంకన పెట్టుకుని వచ్చేశాను.

ఇది లేచేలోగా టీ తాగి రావచ్చు. పని నేర్చుకునే రోజుల్లో నాకు ఒళ్లు మండేది. పిన్నికి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. "ఇది లేచేలోగా మీ హద్దులు చెప్పండి" అని వచ్చినవాళ్లను అడిగేది. ఒకరోజు అన్నదమ్ములిద్దరు పొలం పంపకానికి వచ్చారు. పిన్నిని మెప్పిద్దామని, ఆవిడ వచ్చేసరికే అన్న చెప్పినదంతా టైపు కొట్టేశాను.

"ఆపెయ్యవే దాన్ని" అంది పిన్ని, చూసీ చూడగానే.

"ఏంది పిన్నీ, అంతా అయిపోయిందిగా!"

"మళ్లీ మొదట్నుంచి తెరువు."

అది గర్రుమంటుంటే తమ్ముడి వైపు తిరిగి, "నువ్వు చెప్పు నాయనా, నీ మిరప చేలోకి బండి ఎటునుంచి పోద్ది?" అనడిగింది. అతను బిత్తరపోయి అన్న మొహం చూశాడు. నేను కొట్టిన దాంట్లో బాట ఊసే లేదు. అన్న తల గోక్కుని, "ఎప్పట్నుంచో నా చేలోంచి నడిచే బాటేగా, రాయించాలని తోచలేదమ్మా. రాయండి" అన్నాడు.

వాళ్లు వెళ్లాక పిన్ని నా వీపు నిమిరింది. "అచ్చు కొట్టింది చూపిస్తే అందరూ తలూపుతారే. నోటితో చెప్పమంటేనే అసలు సంగతి తేలుద్ది."

డిస్క్ మారిస్తే ఆ గర్రుతోపాటు పిన్ని కూడా వెళ్లిపోతుందేమోనని నా భయం. మార్చకపోతే ఎవరి పని మధ్యలోనో అది గుటుక్కుమంటుంది. ఆవిడే ఉంటే, "పిచ్చిమొహమా, మార్పించు" అనేది. మార్పించాను.

ఈ పొద్దున ఒక బాబాయి, ఆయన కూతురు పొలం కాగితాలు పట్టుకొచ్చారు. నొక్కీ నొక్కకముందే తెర వెలిగింది, ఏ చప్పుడూ లేదు. మూత మెల్లగా మూసేశాను.

"హద్దులు చెప్పమ్మా" అన్నాను ఆ అమ్మాయితో.

"మిషన్ ఇంకా లేవలేదా?" అన్నాడు బాబాయి.

"లేదు బాబాయ్, చానా టైం పడుతుంది" అన్నాను, మూత మీద చెయ్యి తీయకుండా.