కళ్ళంలో నేర్చిన తాపు

పాచిపెంట గరిడీ గురువు సింహాద్రిగారు పరమపదించారన్న వార్త సాలూరు సంతకు బయలుదేరిన బండివాడి నోట విన్నాను. నమ్మలేక మళ్ళీ అడిగాను. అతడు ఔనన్నాడు. బడికి తాళం వేసి పాచిపెంట దారి పట్టాను.

కొండమీది బడికి పంతులమ్మగా వచ్చిన ఏడాదే చలిజ్వరం నన్ను పీల్చిపిప్పి చేసింది. దానికితోడు అడవిదారిలో ఒంటరి ప్రయాణం, తాగుబోతుల వెకిలిమాటలు. ఒకనాడు ఏడుస్తూ గురువుగారి వాకిట నిలబడి, నాకూ సాము నేర్పమన్నాను. "ఆడోల్లకి సామేటి!" అని శిష్యులు పకపకా నవ్వారు. కర్రసాము నేర్పే గరిడీలో స్త్రీ అడుగుపెట్టరాదన్నది వారి ఆచారం.

"గరిడీలోకి రాకూడదు, నిజిమే. కళ్ళంలోకి రాకూడదని ఎవులన్నారు?" అన్నారాయన. చోళ్ళ పంట నూర్పులు ముగిసి ఖాళీగా ఉన్న తన కళ్ళంలోనే మరునాటి ఉదయం పాఠం మొదలుపెట్టారు.

నేర్పింది ఒక్కటే విద్య, ఎదుటివాడి మోకాటిపై తన్నే తాపు. ఊక కూరిన గోనెసంచిని మోకాళ్ళ ముందు పట్టుకుని ఆ వృద్ధుడు నా ఎదుట నిలిచేవారు. చీరకు గోచీ బిగించి కూడా నేను కాలెత్తడానికి సంకోచిస్తే కసిరేవారు. "సిగ్గేటి పంతులమ్మా? నీ మీదికొచ్చినోడు సిగ్గుపడతాడేటి? ఊపిరి బిగపట్టకు. నిలబడ్డ కాలు సూసుకో, లేసిన కాలు దాని పని అదే సేసుకుంటాది." క్రమంగా దేహానికి దార్ఢ్యం వచ్చింది. కొండ ఎక్కినా ఆయాసం లేదు. ఎన్నాళ్ళకో ఆకలి వేసింది.

ఒక సాయంత్రం కలప బండ్ల మేస్త్రీ దారిలో నా చెయ్యి పట్టుకున్నాడు. తన్నాను. వాడు మోకాలు పట్టుకుని పడిపోతే, పరుగున వచ్చి గురువుగారికి చెప్పాను. ఎముకలు కట్టడంలో సిద్ధహస్తుడైన ఆయన పసరాకు, వెదురుబద్దలు తీసుకుని లేచారు. "తన్నడం నీ వంతు, కట్టు కట్టడం నా వంతు. బేగి దారి సూపించు," అన్నారు. ఆ కరుణకు అప్పుడు నాకు ఒళ్ళు మండింది, దాచను.

ఆడదానిచేత మగవాణ్ణి తన్నించాడని శిష్యులు ఒక్కొక్కరే గరిడీ మానేశారు. ఆ దసరాకు ఆయన ఒంటరిగా కర్ర తిప్పారు. చూడలేక, "నన్ను మాన్పించెయ్యండి గురువుగారూ, వాళ్ళొస్తారు," అని వేడుకున్నాను.

"ఆల్లకి నేనొద్దు. నీకు కావాల. ఇంకేటి?" అని ఊక సంచి అందుకున్నారు.

పాడె మోయడానికి మాత్రం ఆ శిష్యులందరూ వచ్చారు. శ్మశానంలో కర్రలు దించి వందనం చేశారట. ఆడదాన్ని గనుక నన్ను పొలిమేర దగ్గరే ఆపేశారు.

అంతటి ధీరుడు, దయాళువు అయిన ఆచార్యుడు ఈ మన్యానికి మళ్ళీ లభిస్తాడనుకోను. ఈ ఉదయం కళ్ళానికి వెళ్ళి కాలెత్తాను. గాలిని తన్నాను. సరిగ్గా తన్నానో లేదో చెప్పేవారు లేరు.